డెల్టా అన్న ఒక్క మాట

ఇందుజ చేయవలసినవి నాలుగు. చేపల మేత ఏజెంటు వేషం వేయాలి. గణపవరం రోడ్డులోని ప్యాకింగ్ షెడ్డులో జాయ్సీని కలవాలి. మందు సీసాలున్న ఐసు పెట్టె ఏదో తెలుసుకోవాలి. పదకొండున్నరకి వ్యాను గేటు దాటేలోగా ఆపాలి.

వరమ్మని బతికించడం ఆ జాబితాలో లేదు. ఆవిడ పోయి అప్పటికే వారం.

"వరమ్మ తాడేపల్లిగూడెం కెమిస్టు. శత్రువులకి పనిచేసే హెన్రీ ముఠా ల్యాబులో మన మనిషి," ఏలూరు ఆఫీసులో చీఫ్ ప్రసాదరావు బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "గాఢనిద్రలో మెదడులో కనిపించే నెమ్మది అలల్ని డెల్టా అలలంటారు. నిద్రపుచ్చిన కుందేళ్ళ రక్తంలో దొరికిన ఓ పెప్టైడ్‌కి, అంటే చిన్న ప్రొటీన్ ముక్కకి, ఆ పేరే పెట్టారు. తొమ్మిదే అమైనో ఆమ్లాలు. అది మనిషిని నిద్రపుచ్చుతుందని గట్టి రుజువు ఇప్పటికీ లేదు. హెన్రీ దాని పేరు చెప్పి సీసాల్లో ప్రాణం తీసే మత్తుమందు నింపాడు. ఈ మధ్యాహ్నం తీరంలోని రాడార్ కేంద్రంలో ముఠా పెట్టే నిద్ర వైద్య శిబిరం. నలభైమందికి సూదులు. వాళ్ళిక లేవరు. కాపలా లేని తీరానికి శత్రువుల పడవలొస్తాయి."

"ఇదంతా వరమ్మగారు ముందే రాశారటగదండీ?" అంది ఇందుజ.

"రాసింది. తనని బయటికి తీసుకురమ్మనీ రాసింది. 'డెల్టా - అర్జంట్' అని ఉన్న ఆ కవరు కాలువల డెస్కుకి పంపిందెవరమ్మా?"

"నేనేనండి," ఇందుజ తల దించుకుంది. ఉంగుటూరు రైతు బిడ్డ. డెల్టా అంటే ఆమెకి ఊహ తెలిసినప్పటినుంచీ కాలువలూ, వరిచేలే. కవరు పదిరోజులు అక్కడే పడుంది. మూడోరోజునే హెన్రీకి వరమ్మ ఎవరో తెలిసిపోయింది.

షెడ్డులో పట్టుచీర, నల్లకళ్ళద్దాలతో ఒకావిడ ఎదురైంది. ముఠా శిబిరాలకి అందమైన ముఖం జాయ్సీ; రెండు వైపులా పనిచేసే మనిషి.

"శీలావతి చేపలున్నాయాండీ?" కోడ్ వర్డ్‌తో అడిగింది ఇందుజ.

"బొచ్చెలేనండి. అవీ మంచి నిద్రలో ఉన్నాయి." జాయ్సీ గొంతు తగ్గించింది. "నీలం తాడు కట్టిన పెట్టె. వ్యాను ఎక్కించేశారు."

"మిమ్మల్ని నమ్మడమెలాగండీ?"

"నమ్మకండి. వరమ్మకి సూది పొడిచినప్పుడు చేతులు పట్టుకుంది నేనే. అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు."

వ్యాను కదిలింది. స్టీరింగ్ దగ్గర హెన్రీ. చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే మీటరుని ఇందుజ సంచిలోంచి తీసింది. దాని అసలు పని ఇంజన్లు ఆపడం. నొక్కింది. ఆగలేదు. మళ్ళీ నొక్కింది. గేటుకి గజం దూరంలో ఇంజన్ చచ్చింది. మఫ్టీ పోలీసులు చుట్టుముట్టారు.

"అది ప్రకృతిలో దొరికేదే మేడమ్!" వచ్చీరాని తెలుగులో అరిచాడు హెన్రీ.

"కట్లపాము విషం కూడా అంతేనండి," బేడీలు వేసింది ఇందుజ.

రెండో జతకి జాయ్సీ తనే చేతులు చాచింది.

ఆపరేషన్ సక్సెస్ అని రిపోర్టు వెళ్ళింది. అందులో వరమ్మ పేరు లేదు. రేపు ఆ నలభైమందీ మామూలుగానే లేచి, కాఫీ చల్లారిందని ఇంట్లో విసుక్కుంటారు. ఎవరివల్ల లేచారో వాళ్ళకి తెలియదు. మీకు తెలుసు. తాడేపల్లిగూడెం వరమ్మగారిని ఒక్కసారి తలుచుకోండి.