ముప్పై వేలిముద్రలు

శుక్రవారం మధ్యాహ్నం విరుదునగర్ బస్సు దిగి ఇంటికొచ్చిన సెల్వరాణి, శనివారం పొద్దెక్కినా గోడవైపు తిరిగి పడుకునే ఉంది! కలిపి పెట్టిన అన్నం కంచంలోనే ఎండిపోయింది. తల్లి గురువమ్మాళ్‌కి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఒక్కగానొక్క బిడ్డ... భర్త పోయిన ఈ ఏడేళ్లూ ఆ బిడ్డ ముఖం చూసుకునే కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీలో నేలమీద చతికిలబడి పెట్టెల్లో పుల్లలు నింపుతోంది. ఆ బిడ్డే ఇప్పుడు విరుదునగర్‌లో క్రైస్తవ సిస్టర్లు నడిపే యూనివర్సిటీలో, హాస్టల్లో ఉంటూ, సోషల్ వర్క్‌లో ఎమ్మే చివరి సంవత్సరం చదువుతోంది. ఇంకో నెల గడిస్తే డిగ్రీ! ఆ మాట వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయింది గురువమ్మాళ్. మురిసిపోవడానికి ముందూ వెనకా చూసుకునే మనిషి కాదామె.

"తాయీ, లెయ్యి... జరమా? ఎవురన్నా ఏమన్నా అనిరా?"

"సోమవారం నువ్వు రావాలంట మా... సిస్టర్ పిలస్తా ఉండాది."

"నన్నా? నన్నేంటికి పిలస్తాది?"

సెల్వరాణి లేచి కూర్చుంది. తల్లి ఎడమచేతిని ఒళ్లోకి తీసుకుని బొటనవేలు తిప్పి చూసింది. ఎప్పుడో చేతిలోనే పుల్లలు భగ్గుమని అంటుకున్నప్పుడు కాలిన మచ్చ, వేలికి అడ్డంగా తెల్లటి గీతలా ఉంది. ఆ గీతను తడుముతూనే భోరుమంది పిల్ల!

"పోయిన నెల కాయితాల మింద నీ వేలు పెట్టించుకుంటిని గద మా... నీ కంపెనీలో ముప్పై మంది ఆడోళ్లని అడిగి, వాళ్లు చెప్పింది రాసి, వాళ్ల వేళ్లు పెట్టించాల. నేను ఎవుర్నీ అడగలే... అంతా నేనే రాసేస్తిని. ముప్పై వేళ్లూ నీవే!"

గురువమ్మాళ్‌కి ఆ సాయంత్రం కళ్లముందు కదిలింది. సిరాపెట్టె పట్టుకొచ్చి "చదువు పని మా, వేలు పెట్టు" అని కూతురు అడిగినప్పుడు తనకెంత సంబరం! "రేషన్ కొట్లో గూడ ఇన్ని వేళ్లు అడగరే!" అని ఎగతాళి చేస్తూనే, ఒక్కటీ చెదరకుండా ముప్పై సార్లు నొక్కింది. ఇన్నేళ్లలో బిడ్డ చదువుకి దగ్గర కూర్చుని చేసిన సాయం అదొక్కటే. ఆ ఒక్క సాయమూ ఇలా తగలడిందా... తన వేలే తన బిడ్డ మెడకు ఉరైందా!

"ముప్పై మందీ మన ఇంటికొచ్చి వేలు పెట్టిరని చెప్పు మా! నీ కాలు పట్టుకుంటా. లేకుంటే నా డిగ్రీ పోతాది..."

"సరి తాయీ. చెప్తాను. ముందర నువ్వు తిను."

సోమవారం ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని కూతురి వెంట బయల్దేరింది గురువమ్మాళ్. యూనివర్సిటీ గేటు దగ్గరే సెల్వరాణి తరగతి పిల్ల సంగవి ఎదురొచ్చింది. చక్కటి పిల్ల, నవ్వుముఖం. "రండి ఆంటీ! ఇవాళ మీ టైలరింగ్ షాపు ఎవరు చూసుకుంటారు?" అని తమిళంలో ఆప్యాయంగా అడిగింది. టైలరింగ్ షాపా? గురువమ్మాళ్ వెనక్కి తిరిగి చూసింది, ఆ పిల్ల ఇంకెవరినైనా అడుగుతోందేమోనని! సెల్వరాణి ముఖం కందగడ్డయింది. తల్లి చెయ్యి పట్టి గబగబా లోపలికి లాక్కుపోయింది.

సిస్టర్ అరుల్‌మేరి ఆ శాఖకు పెద్ద. చెప్పులు బయటే విడిచి వచ్చిన గురువమ్మాళ్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, కాగితాలన్నీ బల్లమీద వరసగా పరిచింది.

"అమ్మా, ముప్పై మంది పేర్లున్నాయి. ముప్పై మంది బొటనవేలికీ ఒకే చోట అడ్డగీత ఉంది. మీ కంపెనీలో అందరికీ ఇలాగే ఉంటుందా?"

అందులో వెటకారం లేదు. వెటకారమైనా బాగుండేది! గురువమ్మాళ్ ఎడమచేతిని పైటకొంగులో దాచేసుకుంది. వేలు పెట్టడానికి ఏనాడూ పడని సిగ్గు, ఆ వేలిని దాచుకోవడానికి పడింది.

సిస్టర్ ఒక కాగితం తీసి చదివింది. "పిల్లల చదువు మీద ఆసక్తి ఉందా? లేదు." ఇంకో కాగితం తీసింది. "లేదు." మూడోది... "లేదు." "ముప్పైలోనూ ఇదే రాసి ఉందమ్మా."

ఆ మాట గుండెలో గుచ్చుకుంది. చదువు మీద ఆసక్తి లేదా? తనకా! పక్కన కూర్చుని పెట్టెలు నింపే ముత్తుప్పేచ్చికా! నర్సు చదివే కూతురి ఫోటో రవికెలో పెట్టుకుని పనికొచ్చే మనిషి ముత్తుప్పేచ్చి... ఆమె పేరు కింద తన వేలు "లేదు" అని చెప్పిందా!

అప్పుడే చర్చిలో పన్నెండు గంటల ప్రార్థన గంట మోగింది. సిస్టర్ మాట ఆపి, లేచి నిలబడి కళ్లు మూసుకుంది. బయట వరండాలో నడిచే ఆడపిల్లలందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఎందుకో తెలియకపోయినా గురువమ్మాళ్ కూడా లేచింది. దణ్ణం పెట్టాలంటే రెండు చేతులూ కావాలి కదా! కొంగులోంచి ఎడమచెయ్యి బయటికి తీయక తప్పలేదు. గంట ఆగాక ఆ చేతిని అలాగే బల్లమీద పెట్టింది.

"అన్నీ నావే సిస్టర్." తనకొచ్చిన తమిళంలో చెప్పింది. "ముప్పై మందీ ఇంటికొచ్చారని చెప్పడానికే వచ్చాను. చెప్పలేను. నాకు చదవరాదు... కానీ మా ఆడవాళ్లు పొగలో కూర్చునేది బిడ్డల చదువుకే. వాళ్ల తరఫున నా వేలు అబద్ధం చెప్పింది. మన్నించండి!"

సెల్వరాణి బిక్కచచ్చిపోయింది. సిస్టర్ ఆమె వైపు తిరిగింది. "సొంత ఊరు... అమ్మ పనిచేసే చోటు. అక్కడికి వెళ్లడానికి నీకేం అడ్డమొచ్చింది?"

"జతనైనా తీసుకెళ్లలేదే!" అని కూడా అంది. కాగితాలు రాయడానికి ఇద్దరిద్దరు కలిసి వెళ్లాలి. సెల్వరాణికి జత సంగవే. గేటు దగ్గర ఆ పిల్ల అడిగిన టైలరింగ్ షాపు గుర్తొచ్చింది గురువమ్మాళ్‌కి. అంతా అర్థమైంది! కూతురు సిగ్గుపడింది కంపెనీ నేలను చూసి కాదు, ఆ నేలమీద కూర్చున్న తనను చూసి. అయినా తల్లి కదా... నోరు ముందే లేచింది.

"నేనే రావద్దన్నాను సిస్టర్! మాసిన చీరలో, అగ్గిమందు వాసనతో ఉంటాను. దాని స్నేహితులు చూస్తే నాకే సిగ్గని—"

"లేదు సిస్టర్! అమ్మ అబద్ధం చెప్తోంది!" సెల్వరాణి కేక పెట్టింది. "సిగ్గు నాది! అమ్మకి షాపుందని అందరికీ చెప్పాను..." అక్కడితో తమిళం ఆగిపోయింది. తల్లి ఒళ్లో తలపెట్టి ఇంటి తెలుగులోకి దిగింది. "నా తప్పుని గూడ నీ మిందే ఏస్కుంటా ఉండావే మా! నేనేం బిడ్డని మా... నీ చేతి కూడు తిని, నీ చేతికే పరాయిదాన్నైతిని!"

ఆ భాష రాని సిస్టర్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. కాగితాలు దొంతర పెడుతూ అంది. "ఈ కాగితాలు చెల్లవు. మార్కులు తగ్గుతాయి, ఫస్ట్ క్లాస్ ఆశ వదులుకో. మూడు వారాలిస్తున్నాను. ముప్పై మంది, ముప్పై వేళ్లు. సంగవి నీతోనే వస్తుంది."

ఆ శనివారం కంపెనీలో, తల్లి పక్కన నేలమీద మఠం వేసుకుని కూర్చుంది సెల్వరాణి. ఇటు పక్కన సంగవి. ఆ పిల్లకు ముందే "మా అమ్మ షాపు ఇదే" అని చెప్పి ఏడ్చింది. సంగవి తన దుపట్టాతో ఆమె కళ్లు తుడిచింది. మొదటి కాగితం, సిరాపెట్టె ముందుకు జరిపింది సెల్వరాణి. గురువమ్మాళ్ చెయ్యి చాపలేదు. పుల్లలు నింపుతూనే ఉంది.

"మొదట చదివి చెప్పు తాయీ. అన్నీ విని, బదులు చెప్పినాకనే వేలు."

గడప దాటితే తమిళమే మాట్లాడే పిల్ల, సంగవి ముందర, తమిళంలో ఉన్న ప్రశ్నల్ని ఒక్కొక్కటే ఇంటిమాటల్లో చెప్పింది. పేరు, వయసు, ఎన్నేళ్ల పని... పదిహేడో ప్రశ్న మీద వేలు పెట్టి ఆగింది.

"అడుగు పిల్లా. గెట్టిగా అడుగు, ముత్తుప్పేచ్చికి గూడ వినపడాల."

"బిడ్డల... చదువు మింద... ఆశ ఉండాదా?"

గురువమ్మాళ్ చేతిలో పెట్టె కింద పెట్టింది. కూతురి ముఖంలోకి చూసింది.

"ఉండాది" అంది.

సెల్వరాణి కాగితం తడవకుండా పక్కకు పట్టుకుని ఆ మాట రాసింది. అప్పుడు గురువమ్మాళ్ ఎడమ బొటనవేలు సిరాలో అద్ది, నొక్కింది. పక్కనే ముత్తుప్పేచ్చి తన వేలిని చీరకు తుడుచుకుంటూ, ఫోటో బయటికి తీసి ఒళ్లో పెట్టుకుని, తన వంతు కోసం చూస్తోంది.