ఎదురుగా ఉన్నదొక్కటే

పొద్దున్నే నాజ్‌నీన్ టీ గ్లాసులు పట్టుకొని వసారాలోకి వచ్చింది. గోడవారగా కాళ్లు చాపుకొని కూర్చున్న మామ బుడేన్ సాబ్‌ను తట్టుకొని పడబోయింది. వేడి టీ ఆయన పాదాల మీద ఒలికింది. కనపళ్లేదంది కంగారుగా.

ఆయన కాళ్లు దగ్గరికి లాక్కొని తుడుచుకున్నాడు. అత్త అమీనాబీ మాత్రం ఊరుకోలేదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ కోడలి మీద ఆమెకు కోపం పేరుకుపోతూనే ఉంది. పక్కన నిలబడ్డ పెద్దవాళ్లకు సలాం చెప్పదు, పొద్దు వాలితే పెరట్లోకి కదలదు. అంతా కదిరిలో చదువుకున్న పొగరని ఆమె నమ్మకం. కొడుకు షఫీవుల్లాను పిలిచి, పెళ్లాన్ని పుట్టింట్లో దిగబెట్టి రమ్మంది.

"ఇంత మనిషి కూర్చోనుంటే కనపళ్లేదంటే ఎట్ల నమ్మేది?" అంది అమీనాబీ.

నాజ్‌నీన్ గ్లాసులు కింద పెట్టి తల వంచుకుంది.

"నిజంగానే కనపళ్లేదత్తా. పక్కనుండేది నాకు కనపడదు. చెప్తే పెళ్లి కాదని మాయమ్మ ఎవురికీ చెప్పొద్దనింది."

దాచినందుకు షఫీవుల్లా మొహం తిప్పుకున్నాడు. బుడేన్ సాబే కాలికి తడిగుడ్డ చుట్టుకొని లేచి, ముందు కంటి డాక్టరుకు చూపిద్దాం పదండన్నాడు.

అనంతపురంలో డాక్టరమ్మ ఓపిగ్గా పరీక్షించింది. కంటి వెనక పొర అంచుల నుంచి దెబ్బతింటోందని, మొదట మసక వెలుతురులో చూపు తగ్గి, తర్వాత పక్కచూపు పోతుందని, ఇప్పుడు ఈ అమ్మాయికి గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదే కనిపిస్తుందని చెప్పింది. పుట్టుకతో వచ్చిన జబ్బట. అమ్మానాన్నలది మేనరికమా అని అడిగితే నాజ్‌నీన్ అవునంది. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలింది ఎన్నాళ్లుంటుందో డాక్టరమ్మ కూడా చెప్పలేకపోయింది.

బస్టాండులో బెంచీ మీద కోడలి పక్కనే కూర్చున్న అమీనాబీకి రంజాన్ పండగ గుర్తొచ్చింది. ఆ రోజు తన చెల్లెలు పక్కనుంచి గాజులు అందిస్తే ఈ పిల్ల పట్టించుకోకుండా వెళ్లిపోయింది. అందరి ముందూ తను ఎన్ని మాటలన్నదో!

ఆమె లేచి, కోడలికి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఇప్పుడు కనపడతాండానా?"

"కనపడతాండావత్తా. ఏడుస్తాండావు."

అమీనాబీ కొంగుతో మొహం తుడుచుకుంది. "పుట్టింటికి పోయే మాట ఇంక ఈ ఇంట్లో ఎవురూ ఎత్తేది లేదు," అంది కొడుకు వైపు చూసి.

షఫీవుల్లా దగ్గరికొచ్చి, భార్య కళ్లకు ఎదురుగా చెయ్యి చాచాడు.