చుక్కల గీత

“ఈ గీత తప్పు సార్. చెరిపెయ్యండి” అంది నర్సు మహిమ, తడి వేలితో కంప్యూటర్ తెర మీద పొడుస్తూ.

సుకుమార్‌కు ఒళ్లు మండింది. ఖమ్మం నుంచి ఈ అడవిలోని మిషన్ దవాఖానాకు వచ్చి, రెండు నెలలు కూర్చుని చేసిన పని మరి! తెరకు ఎడమ పక్క ఊళ్లవాళ్ల మాటలు, కుడి పక్క డాక్టర్ల మాటలు, రెంటినీ కలుపుతూ గీతలు. పచ్చ గీతైతే మాత్రలు చాలు, ఎర్ర గీతైతే జీపు పంపాలి. ఉన్నది ఒక్కటే జీపు.

“‘పానం బాగలేదు’ను ప్రాణాపాయానికి కలిపిండ్రు. మా దిక్కు జలుబు చేసినా గట్లనే అంటరు!”

“పానం అంటే ప్రాణమే కదండీ. కంప్యూటరే పోల్చి కలిపింది.”

“కంప్యూటర్‌కు ఎన్నడన్న జలుబు చేసిందా?”

కోపం ఇంకా పెరగాలి. ఆమె కళ్లు చూస్తే ఉన్నదీ పోయింది.

అంతలో ఫోన్. తండా నుంచి లాల్‌సింగ్. “మా ఇంటామె చాందికి నొప్పులొస్తున్నయి. బిడ్డ అడ్డం తిరిగిందట. జల్దీ జీపు పంపుండ్రి!”

జీపు లేదు. ముసలి ఆరోగ్యమ్మకు పానం బాగలేదని ఇందాక కబురొస్తే, ఎర్ర గీత చూసి డ్రైవర్ గోపాలు వాగు అవతలికి వెళ్లాడు.

మహిమ కాన్పు సంచి భుజాన వేసుకుంది.

“నా బండెక్కండి. అవతల ఫోన్ అందదు, వెళ్లి జీపును పట్టుకుందాం” అన్నాడు సుకుమార్.

వాన. బురదలో బండి రెండుసార్లు జారింది. మహిమ చెయ్యి అతని భుజాన్ని గట్టిగా పట్టుకుంది. ఇంకో రోజైతే గుండె గంతులేసేది. ఇవాళ మాత్రం, చాందికి ఏమన్నా అయితే పాపం నాదే అని వణికింది.

జీపు ముంగిట్లోనే ఉంది, ఆరోగ్యమ్మ అరుగు మీద కూర్చుని తుమ్ముతోంది. “జలుబే బిడ్డా! గింతదానికి జీపెందుకు పంపిండ్రు?”

అక్కడి నుంచి జీపులో తండాకు, తండా నుంచి చాందితో భద్రాచలం పెద్దాసుపత్రికి. ఆపరేషన్ గది తలుపు తెరుచుకునేదాకా సుకుమార్ కూర్చోలేదు. తల్లీబిడ్డా క్షేమమని మహిమ వచ్చి చెప్పగానే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. ఆమె చూసీ చూడనట్టు చేతిరుమాలు ఇచ్చింది.

వారం తర్వాత ఆమెను తెర ముందు కూర్చోబెట్టాడు. “ఇప్పుడు కంప్యూటర్ చుక్కల గీతే గీస్తది. ఇక్కడి మాట తెలిసిన మనిషి ఒప్పుకుంటేనే అది నిండు గీత.”

ఒక్కొక్కటే చూస్తూ మహిమ ఒకచోట ఆగిపోయింది. ఎడమ పక్క ‘మహిమ రాని రోజు’. కుడి పక్క ‘సుకుమార్ పానం బాగలేదు’. మధ్యన చుక్కలు.

“గిదేంది సార్?”

“నువ్వే చెప్పాలె. తప్పంటే చెరిపేస్తా.”

“జలుబా?”

“కాదు.”

మహిమ మౌస్ అందుకుంది. చుక్కలు కలిసి నిండు గీతయ్యాయి. తర్వాత రంగు మార్చింది. ఎరుపు.

“జీపొద్దు సుకుమార్” అంది. “నేనే వస్త.”