జంట సూదుల గాలిపటం

మాణిక్యమ్మ కనిపించకుండా పోయి ఎనిమిది రోజులైంది.

1957 డిసెంబర్ 3, మంగళవారం. తెల్లవారుజామున అయిదింటికి శాలిబండ ఇంట్లోంచి వెళ్లిపోయిందని ఆమె మరిది మైసయ్య రిపోర్టు ఇచ్చాడు. నగలు తీసుకుపోయిందట. పెట్టెలో పట్టే ఆమె జర్మన్ చేతి కుట్టుమిషన్ కూడా పట్టుకుపోయిందట. ఆ సాయంత్రమే మూసీ ఒడ్డున ఆమె చెప్పులు దొరికాయి.

ఆమెకు ఇరవై ఏడేళ్లు. భర్త పోయి మూడేళ్లు. మలక్‌పేట రేసుకోర్సు మీద వ్యాపారులు ప్రకటనల కోసం ఎగరేయించే గాలిపటాలు కుడుతుంది. కాగితంవి కావు, మనిషంత ఎత్తు గుడ్డ పటాలు. ఆ కుట్టుతోనే అత్తగారిల్లు గడుస్తోంది. ఆ పటాలకు వెదురు బద్దలు కట్టి ఎగరేసే రామ్‌చందర్‌ను ఆమె మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకుంది.

ఇప్పుడు రామ్‌చందర్ లాకప్‌లో ఉన్నాడు.

"మంగళారం నా దగ్గరికి వస్తనన్నది సార్, రాలే" అంటూ స్టేషన్‌కు పరుగెత్తుకొచ్చింది అతనే. సబ్-ఇన్‌స్పెక్టర్ వామన్‌రావు అతన్నే లోపల వేశాడు. నగల కోసం చంపి ఏట్లో తోసి ఉంటాడని అనుమానం.

బుధవారం, డిసెంబర్ 11. ఉదయం 10.10.

సాయంత్రం అయిదింటికి ముద్దాయిని జైలుకు పంపాలి. కాగితాలు సిద్ధం. శవం మాత్రం లేదు. నాలుగు రోజులు మూసీలో వల వేయించినా దొరకలేదు. అదే వామన్‌రావు మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది.

అతను ఊచల ముందు నిలబడ్డాడు.

"ఆఖరుసారి అడుగుతున్న. ఆమెను ఏం చేసినవ్?"

రామ్‌చందర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తల ఎత్తలేదు. "ఎన్నిసార్లు అడిగినా గదే మాట సార్. నేనేం చెయ్యలే. మీరు నన్ను పట్టుకొని కూసున్నరు. ఆమెను ఎతికెటోడు లేడు."

అప్పుడే హెడ్ కానిస్టేబుల్ రాజన్న లోపలికొచ్చాడు. రాత్రి డ్యూటీ దిగి మలక్‌పేట నుంచి వస్తున్నాడు.

"వీడు లోపలున్నా పటాలు ఆగలే సార్. నిన్న రేసుకోర్సు మీద కొత్తయి ఎగిరినయ్. పచ్చయి."

రామ్‌చందర్ ఒక్క ఉదుటున లేచాడు.

"పచ్చయా? రాజన్న భాయ్, సరిగ్గ చూసినవా?"

"కండ్లు లేవనుకున్నవా? చిలకపచ్చ."

"సార్! ఆమె పోయిననాటికి పచ్చ గుడ్డ ఇంటికే రాలే. బేగంబజార్ సేఠ్ అప్పటికి పంపలే. మరి అవి ఎవరు కుట్టిన్రు?"

11.15కు వామన్‌రావు బేగంబజార్‌లో ఉన్నాడు. పటాలు ఆర్డరిచ్చిన సేఠ్ తడుముకోకుండా చెప్పాడు.

"గుడ్డ శుక్రవారం పంపించిన సాబ్. మైసయ్య సోమవారం సాయంత్రం నాలుగు పటాలు తెచ్చిచ్చిండు. మూడు ఎగరేసినం. ఇదొకటి మిగిలింది."

వామన్‌రావు పటం విప్పి చూశాడు. అంచు వెంట పక్కపక్కనే రెండు కుట్టు గీతలు. నూలు పోగంత తేడా లేకుండా సాగాయి.

12.30. శాలిబండ. ముందు గదిలో నల్ల తొక్కుడు మిషన్ దగ్గర మైసయ్య కూర్చుని ఉన్నాడు.

"ఈ పటం ఎవరు కుట్టిన్రు?"

"నేనే సార్. వదిన పాయె. ఆర్డర్ ఆగుతదా?"

"ఈ మిషన్ మీదనేనా?"

"ఇంకేడిది సార్? ఆమెది ఆమె తీస్కపాయె."

"జంట గీతలు ఎట్ల వచ్చినయ్?"

"ఒకసారి కుట్టుడు, పక్కకెంచి మల్లొకసారి కుట్టుడు."

"కుట్టు. నా ముందు."

మైసయ్య మిగిలిన పచ్చ ముక్క తీసి కుట్టాడు. మొదటి గీత తిన్నగా వచ్చింది. రెండోదీ తిన్నగానే వచ్చింది.

"సరిపోయింది సార్" అన్నాడు రాజన్న నెమ్మదిగా.

వామన్‌రావు పటమూ ఆ ముక్కా మడిచి పట్టుకుని వెనక్కి వచ్చేశాడు.

2.05. మళ్లీ లాకప్. రెండు గుడ్డలూ ఊచల మీద పరిచాడు.

"మైసయ్య కుట్టగలడు. నా కండ్ల ముందే కుట్టిండు. ఇగ నేను చేసేదేం లేదు రామ్‌చందర్."

రామ్‌చందర్ కుట్టు పైవైపు చూడనే లేదు. ఊచల్లోంచి చేయి చాపి, ఒక్కొక్క గుడ్డనూ తిరగేశాడు.

"ఎన్కదిక్కు చూడున్రి సార్. ఆమెకు జంట సూది ఉన్నది."

వామన్‌రావు వంగాడు. రెండు గుడ్డల వెనుక వైపులనూ పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత టోపీ అందుకున్నాడు.

"రాజన్నా! జీపు తియ్యమను. నలుగురు కానిస్టేబుళ్లు కావాలి."

3.00. మైసయ్యనూ అతని తల్లి కొమురమ్మనూ వాకిట్లో నిలబెట్టాడు. గుడ్డలు రెండూ వెనుక వైపు పైకి వచ్చేలా అరుగు మీద పరిచాడు.

"ఇది నువ్వు కుట్టిన ముక్క. ఒక సూదితో రెండుసార్లు కుట్టినవు. అడుగున కూడా రెండు తిన్నని గీతలే వచ్చినయ్. అవునా?"

"అవ్ సార్."

"ఇది సేఠ్‌కు ఇచ్చిన పటం. దీని అడుగున రెండు గీతలు లేవు. ఒకే దారం. అటోసారి ఇటోసారి వంకర్లు తిరుగుకుంట పోయింది. ఎందుకో తెలుసా? జంట సూదికి పైన రెండు దారాలు, కింద ఒకటే దారం. ఆ ఒక్కటే పై రెండింటినీ పట్టుకోవాలె. నీ మిషన్‌లో సూది దిగే రంధ్రం సన్నం, ఇప్పుడే చూసిన. అందులో జంట సూది దిగదు. దిగేది మీ వదిన మిషన్‌లో."

మైసయ్య పటం అందుకోబోతే వామన్‌రావు దాన్ని తనవైపు లాక్కున్నాడు.

"గుడ్డ వచ్చింది శుక్రవారం. ఆమె మంగళవారమే మిషన్ తీస్కపోయిందంటివి. పోయిన మిషన్ శుక్రవారం తర్వాత మీ గుడ్డ ఎట్ల కుట్టింది? మిషన్ ఈ ఇంట్లనే ఉన్నది. కుట్టిన మనిషి కూడా."

"ఇల్లంత మీరే ఎతికిన్రు గద సార్!"

"వెతికినం. గదులు చూసినం, అటక చూసినం. కొట్టంలో గడ్డివామును మాత్రం కర్రతో పొడిచి వచ్చినం. రాజన్నా, గడ్డి మొత్తం లాగిపారెయ్యున్రి."

"బర్లు బెదుర్తయ్ సార్!" కొమురమ్మ అడ్డం వచ్చింది. ఎవరూ ఆగలేదు.

ఆరో వరుస కట్టలు తీయగానే తలుపు కనిపించింది. తాళం వేసి ఉంది. పక్కనే ఊచల కిటికీ, పళ్లెం పట్టేంత సందు.

"మాణిక్యమ్మా! పోలీసులం."

లోపల చప్పుడు లేదు.

"భయం లేదమ్మా. మాట్లాడు."

కిటికీ సందులోంచి గొంతు వినిపించింది. పొడిగా, మెల్లగా.

"రామ్‌చందర్ బతికున్నడా?"

వామన్‌రావు కిటికీ దగ్గరికి వంగాడు. "ఉన్నడమ్మా. మా స్టేషన్ల ఉన్నడు."

"అట్లయితే తాళం తీయున్రి."

తాళం పగలగొట్టారు. నాలుగడుగుల వెడల్పు గది. పైకప్పులో ఒక గాజు పెంకు, దాంట్లోంచి పడే కాస్త వెలుతురు. దాని కిందే మిషన్. చుట్టూ పచ్చ పీలికలు. మాణిక్యమ్మ గోడ పట్టుకుని బయటికొచ్చి, ఎండకు కళ్లు మూసుకుంది.

"అరిస్తే రామ్‌చందర్‌ను మూసీల పడేస్తనన్నడు మరిది. అందుకే అరవలే" అంది.

"మా ఇంటి కోడలు" అంది కొమురమ్మ. "పెండ్లి మాట మర్శిపోయెదాక మా ఇంట్ల ఉంచుకున్నం. తప్పేంది?"

మాణిక్యమ్మ ఆమె వైపు తిరగలేదు. మైసయ్య చేతులకు బేడీలు పడ్డాయి. చెప్పులు మూసీ ఒడ్డున పెట్టింది తనేనని జీపు ఎక్కకముందే ఒప్పుకున్నాడు. నగలు కొమురమ్మ సందూక పెట్టెలోనే దొరికాయి.

"ఒంటి సూదితో కుట్టమన్లేదా నిన్ను?" అడిగాడు వామన్‌రావు.

"అన్నడు. పైన రెండు గీతలు చూసి మురిసిండు, ఎన్కకు మల్పి చూడలే. రామ్‌చందర్ బద్దలు కట్టెటప్పుడు ఎన్కదిక్కే చూస్తడు. ఒక్క పటమన్న వాని చేతుల పడ్తదనుకున్న."

ఎగిరిన మూడు పటాలకూ బద్దలు కట్టింది వేరెవరో. వామన్‌రావు ఆ మాట చెప్పకుండా, మిషన్‌ను పెట్టెలో పెట్టి ఆమెకు అందించాడు.

4.25. స్టేషన్. అయిదింటికని రాసిపెట్టిన కాగితాన్ని అతను అడ్డంగా కొట్టేశాడు. లాకప్ తాళం తనే తీశాడు.

"తప్పు నాదే. నిన్ను పట్టుకుంటే కేసు అయిపోయిందనుకున్న."

రామ్‌చందర్ వినలేదు. వాకిట్లో నిలబడ్డ మనిషిని చూస్తున్నాడు. దగ్గరికి వెళ్లి, ఆమె చేతిలోని మిషన్ పెట్టె అందుకున్నాడు.

"మా అమ్మ ఇంట్లనే ఉన్నది" అన్నాడు. "దబీర్‌పురా మీంచి పోతే మలక్‌పేటల మా ఇల్లు దగ్గరే. రిక్షా పిలువనా?"

మాణిక్యమ్మ రోడ్డుకు అటూ ఇటూ చూసింది. సైకిళ్లు, జట్కాలు, బళ్లు నడుస్తున్నాయి. ఎనిమిది రోజులు నాలుగడుగుల గదిలో ఉన్న మనిషి, ఒక్కో అడుగే వేస్తూ రోడ్డు అంచుకు వచ్చింది.

"వద్దు" అంది. "చార్మినార్ దిక్కుకెంచి సుట్టు తిరిగి నడుసుకుంట పోదాం."