మధ్యదారిలో దింపిన ఇల్లు

"కట్టు గట్టిగా వేస్తున్నావా, లేక మా ఇల్లు దారిలోనే ఊడి పడాలని వేస్తున్నావా?"

నిచ్చెన మెట్ల మీద నిలబడి తెన్రి అడిగింది. కింద ఇంటి స్తంభాలకు వెదుర్లు కడుతున్న మక్కులౌ తలెత్తి చూశాడు. ఏదో అనబోయి, లేవబోయి, వెదురుకు టక్కుమని తల తగిలించుకున్నాడు.

"గట్టిగానే" అన్నాడు నుదురు రుద్దుకుంటూ.

"ఇంకేం లేదా?"

"ఇంకేముంది... తాడు సరిపోయింది."

తెన్రి విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. పక్కనే ముడి వేస్తున్న నాకు ఒళ్ళు మండిపోయింది.

మా బుగిస్ వాళ్ళ పల్లెల్లో ఇళ్ళు చెక్క స్తంభాల మీద నిలబడతాయి. ఇల్లు మారడమంటే సామాను మోయడం కాదు, ఇంటినే భుజాలకెత్తుకుని నడవడం. గడపకొక మగాడు రావాల్సిందే. ఇంతమంది అడుగూ ఒక్కసారి పడాలంటే కేక పెట్టేవాడు ఒకడుండాలి. మా ఊళ్ళో ఆ కేక మక్కులౌది. వాడు "ఎత్తండి" అన్నాడంటే పక్క ఊరివాళ్ళు కూడా ఉలిక్కిపడి లేస్తారు. అలాంటివాడికి తెన్రి ఎదురుపడితే చాలు, గొంతులో వెలక్కాయ పడుతుంది. ఇద్దరికీ ఇష్టమని ఊళ్ళో కోళ్ళకు కూడా తెలుసు. చెప్పాల్సినవాడే చెప్పడు.

ఈలోగా ఏరు గట్టు కోసేస్తోందని తెన్రి నాన్న బెద్దు, ఇంటిని పొలాల అవతలి ఊళ్ళో తన అన్న ఇంటి పక్కకు తరలిస్తున్నాడు. ఆ అన్నగారు పిల్లకు రైసుమిల్లు కుర్రాణ్ణి కూడా చూసిపెట్టాడు. ఇల్లు దించగానే పెళ్ళి మాటలు ఖాయం చేసుకోవడమే తరువాయి.

"ఒరేయ్, ఇవాళైనా చెప్పు" అన్నాను.

"ఏమని చెప్పను అన్నా?"

"వానలు బాగా పడుతున్నాయని చెప్పు! ఇష్టమని చెప్పరా, మొద్దూ!"

"ఇల్లు దింపాక చెబుతాలే."

"అక్కడ దింపాక నీకు సందు ఎవడిస్తాడు? మిల్లువాడు కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతుంటాడు."

వాడు తాడు లాగి ఇంకో ముడి బిగించాడు.

శుక్రవారం నమాజు కాగానే అందరం వెదుర్ల కింద భుజాలు పెట్టాం. మక్కులౌ మా ముందు వెనక్కి నడుస్తూ కేక అందుకున్నాడు.

"ఎత్తండి! అడుగు! అడుగు!"

ఇల్లు లేచింది. సన్నగా వాన జల్లు మొదలైంది. ఆడవాళ్ళు వంట గిన్నెలు బండిలో పెట్టుకుని పక్కగా నడుస్తున్నారు. బండి వెనక తెన్రి తల వంచుకుని వస్తోంది. మొహం మీద వాన అనుకున్నాను. ఓణీ కొంగుతో తుడుచుకున్నకొద్దీ కళ్ళే తడుస్తున్నాయి. మక్కులౌ కూడా చూశాడు. వాడి అడుగు తడబడింది.

"దింపండి!"

దింపేశాం. కేక వినపడ్డాక ఆలోచించే అలవాటు మాకు లేదు. తీరా చూస్తే అది మక్కులౌ వాళ్ళమ్మ మొక్కజొన్న చేను. కోత అయిపోయింది కాబట్టి బతికిపోయాం.

బెద్దు పరుగెత్తుకొచ్చాడు. "ఎవరికైనా దెబ్బ తగిలిందా? లేదా? మరి దింపారేం? ఎత్తండి, ఎత్తండి!"

మా ఊరి ఇళ్ళకు ముహూర్తాలు చూసే ముసలాయన పువాంగ్ సెన్నాంగ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు బెద్దూ. ఇంటి నడిమి బొడ్డు స్తంభం నేలకు ఆనింది. ఇక వచ్చే కోతల దాకా ఇల్లు కదలకూడదు."

"పొరపాటున ఆనింది కదా పువాంగ్!"

"ఆ సంగతి స్తంభానికేం తెలుసు?"

బెద్దు గిర్రున మక్కులౌ వైపు తిరిగాడు. "ఎందుకు దింపమన్నావురా?"

"తెన్రి ఏడుస్తోంది, బెద్దు దాయెంగ్."

"ఏడిస్తే?"

"తను ఏడుస్తుంటే ఆ ఇంటిని నా కేకతో ఊరు దాటించలేకపోయాను." వాడి గొంతు మాకే సరిగా వినపడలేదు.

నా కళ్ళు చెమర్చాయి. భుజం నొప్పి వల్లే అని పక్కవాడికి చెప్పాను.

మక్కులౌ వాళ్ళమ్మ ముందుకొచ్చింది. "చేను నాదే. నడిచొచ్చిన ఇంటిని పొమ్మంటానా? ఉండనీ."

"మా అన్నకేం చెప్పను? మిల్లువాళ్ళకేం చెప్పను?" బెద్దు తల పట్టుకున్నాడు.

"ముందు నీ కూతుర్ని అడిగావా?" అన్నాడు పువాంగ్.

బెద్దు కూతురి వైపు తిరిగాడు. అప్పటికే తెన్రి బండి దగ్గరకెళ్ళి జావ గుండిగ మూత తీస్తోంది. మొక్కజొన్న జావ కమ్మటి వాసన గుప్పుమంది. మాలో ఒక్కడు కూడా కదల్లేదు. ఇల్లు తన చోటు చేరితేగానీ ఆ జావ గరిటెడైనా వడ్డించరు మరి.

"ఏం చేస్తున్నావే? ఇంకా చేరలేదు కదా!" అన్నాడు బెద్దు.

తెన్రి మొదటి గిన్నె నింపి తండ్రి చేతికిచ్చింది.

"చేరింది నాన్నా. చల్లారకముందే తాగు."

బెద్దు గిన్నెను చూశాడు, కూతుర్ని చూశాడు, చేలో కూర్చున్న ఇంటిని చూశాడు. నేను ఊపిరి బిగబట్టాను. ఆయన గిన్నె ఎత్తి ఒక గుటక వేశాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "అందరికీ పోయవే, చూస్తావేం?"

ఇంకేముంది, గుండిగ మీద పడ్డాం. తెన్రి ఒక గిన్నె పట్టుకుని మక్కులౌ ముందుకొచ్చి నిలబడింది.

"నాకేమైనా చెప్పాలా?"

వాడు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "తెన్రీ! నువ్వంటే నాకు ఇష్టం!"

ఎంత కేక! పొలంలో కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. మాలో ఇద్దరైతే అలవాటుకొద్దీ వంగి వెదురు పట్టుకున్నారు.

"మెల్లగా" అంది తెన్రి నవ్వాపుకోలేక. "ఇక్కడే ఉన్నాగా."