విశ్వాసమ్మ ఎంచిన పన్ను

కడప బాలికల హైస్కూలు గోడ దాటి వచ్చిన బంతి నేరుగా గాబ్రియేలు మూతికి తగిలింది. సైకిలొక పక్క, అతనొక పక్క. లేచి చూసుకుంటే ముందు పన్ను ఒకటి లేదు.

ఆటల టీచరు విశ్వాసమ్మ పరుగెత్తుకొచ్చింది. “అయ్యో, శానా తగిలిందా సార్? కొట్టింది నేనే.”

“ఫరవాలేదు” అనబోయాడు. పన్ను సందులోంచి ఈల వచ్చింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోపం రావలసిన గాబ్రియేలుకూ నవ్వే వచ్చింది.

పళ్ల డాక్టరు ఉరుకుందప్ప దగ్గరికి ఆమే తీసుకెళ్లింది.

“తీసి పెట్టుకునే ప్లేటు పన్ను ఒకటుండాది,” అన్నాడు డాక్టరు. “పక్క పళ్లు రెండూ అరగదీసి, కదలకుండా కట్టేది ఇంకొకటి. దాంట్లో తెల్లదీ ఉండాది, బంగారుదీ ఉండాది. పుండు మానేలోగా తేల్చుకోండి.”

పుండు మానడానికి నాలుగు వారాలు పట్టింది. రైల్వే గుమాస్తా గాబ్రియేలు టిక్కెట్లిస్తూ “సికింద్రాబాదు” అన్నప్పుడల్లా జనం నవ్వేవారు. అతనికి పట్టలేదు. శనివారం ఎప్పుడొస్తుందా అన్నదే ధ్యాస. తప్పు తనదంటూ ఆమె ప్రతి శనివారం డాక్టరు దగ్గరికి వచ్చేది. బల్ల మీద ఆ చివరా ఈ చివరా కూర్చుని ఇద్దరూ పన్ను గురించే వాదించుకునేవారు.

“ప్లేటే మేలు. మంచి పళ్లు అరగదీయడమెందుకు?” అనేది ఆమె.

నాలుగో శనివారం గాబ్రియేలు నెమ్మదిగా చెప్పాడు. “ఈ రాత్రి బండికి కర్నూలు పోతాండా. అమ్మ పిల్లను చూసింది.”

ఆమె ముఖం వాడిపోయింది. “అయితే బంగారు పన్ను పెట్టించుకోండి,” అంది.

“ప్లేటే మేలంటిరే!”

“బంగారు పన్ను చూస్తే ఆ పిల్ల మిమ్మల్ని వద్దంటాది!”

అనేసి నాలుక కరుచుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. గాబ్రియేలు బల్ల మీద ఆమె వైపు జరిగాడు.

“ఆమె వద్దంటే నీకేమి లాభం?” ‘మీరు’ ఎప్పుడు జారిపోయిందో అతనికే తెలియలేదు.

“అదీ నేనే చెప్పల్లా?”

లోపలి నుంచి ఉరుకుందప్ప కేకేశాడు. “ఏమప్పా, ఏ పన్ను?”

“ప్లేటు పన్నే, డాక్టర్! ఇంట్లో వాళ్లు అదే పెట్టించుకోమంటాండారు!”

“ఎవరప్పా ఇంట్లో వాళ్లు?”

గాబ్రియేలు ఆమె వైపు చూశాడు. విశ్వాసమ్మ లేచి నిలబడి, “నేనే డాక్టర్!” అంది.

ఆ రాత్రి గాబ్రియేలు కర్నూలు బండి ఎక్కలేదు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక, తల్లిని ఒప్పించి వెంటబెట్టుకుని విశ్వాసమ్మ ఇంటికి వెళ్లాడు.