మగ్గం గుంతలోంచి పిలుపు

జమ్మలమడుగులో పెన్న తట్టు పోయే సందులో ఒక పాత మగ్గం ఇల్లుండాది. నేసేటోళ్లు ఎప్పుడో ప్రొద్దుటూరుకు ఎలబారిపోయినారు. మగ్గాన్ని ఊడబెరికి తీసకపోయినారు గానీ, కాళ్లు పెట్టుకోని కూచునే గుంత అట్లే మిగిలింది. రాత్రిపూట ఆ గుంతలోంచి పేరు పెట్టి పిలుస్తాదంట... ఆడగొంతు. మెల్లగా, సొంత చుట్టం పిలిచినట్టే.

అందుకే ఆ ఇంట్లోకి బాడుగకు ఎవురూ రారు. వచ్చినోడు ఒకే ఒకడు — మన వివేక్.

ఆ పేరు పెట్టినోళ్లను అనల్ల గానీ, వాణ్ణి అని ఏం లాభం! చేసే పనేమీ లేదు, బడాయికి మాత్రం కొదవ లేదు. వాని చెల్లెలు జాహ్నవి పులివెందులలో హాస్టల్లో ఉండి చదువుకుంటాంది. ఆన్‌లైన్‌లో ఒక యుద్ధం ఆటలో ఆ పిల్లకు మంచి పేరుండాది. ఏండ్ల తరబడి వేళ్లు అరిగేటట్టు ఆడి, తన సొంత తెలివితో పైకొచ్చింది. బెంగుళూరు జట్టొకటి ఆ ఖాతా చూసి, ఆదివారం సెలెక్షన్‌కు రమ్మనింది. ఈలోపల పరీక్షలు వచ్చి పడినాయి.

"అన్నా, ర్యాంకు పడిపోకుండా దినామూ ఒకసారి తెరిచి మూసెయ్, చాలు. ఇంకేం కెలకొద్దు" అని ఖాతాను వీని చేతుల్లో పెట్టింది.

వీడు కెలక్కుండా ఉంటాడా? మనిషి లేకుండానే ఆటాడే బాట్ ఒకటి యాడ్నో పట్టుకొచ్చినాడు.

"వద్దప్పా! బాట్‌తో ఆడితే కంపెనీవోళ్లు ఖాతా మూసేస్తారంట" అన్నాడు స్నేహితుడు రిజ్వాన్.

"నీ మొగం! వర్చువల్ మిషన్ అంటే ఏందో తెలుసునా నీకు? కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్. ఆటా దాంట్లోనే, బాటూ దాంట్లోనే. కంపెనీవోని తాత దిగొచ్చినా కనుక్కోలేడు. పరీక్షలయ్యేసరికి దాని లెవెల్ ఆకాశంలో ఉంటాది. నా కాళ్లు మొక్కుతాది సూడు!"

ఇంట్లో అయితే వాళ్లమ్మ శివమ్మ పడుకునే ముందర స్విచ్చిలన్నీ ఆపేస్తాది. అందుకే మగ్గం ఇల్లు. ముసలోళ్లు వద్దంటే విన్నాడా? "దెయ్యాలంట, దెయ్యాలు! ఏ కాలంలో ఉండారప్పా మీరు?" అని ఎగతాళి చేసి మరీ లోపలికి పోయినాడు.

ఎండాకాలం. మిషన్ కాగిపోతాంటే, చల్లగా ఉంటాదని సీపీయూను గుంతలోకి దించినాడు. స్పీకరూ మైకూ గూడా దాని పక్కనే పారేసినాడు. ఆటలో కత్తుల చప్పుళ్లూ పాటలూ ముందే ఆపేసినాడు కాబట్టి, గుంతలో స్పీకరుండాదనే మాటే మర్చిపోయినాడు. పైన తెర మీద బాణం గుర్తు దానంతట అదే తిరుగుతాంది... బొమ్మ సైనికుడు అలుపు లేకుండా నరుకుతానే ఉండాడు. ఈ దొర చాప మీద కాళ్లు బారజాపి సెల్లు చూస్తాండాడు.

అర్ధరాత్రి దాటింది. పెన్న తట్టు కుక్కలు మొరిగి మొరిగి — ఉన్నట్టుండి గమ్మునైపోయినాయి.

"జాహ్నవీ..."

సెల్లు చేతిలోంచి జారి పడింది.

గుంతలోంచే! ఆడగొంతు... మెల్లగా.

వీనికి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. దీనికి మా చెల్లెలి పేరెట్ల తెలిసింది? చిన్నప్పుడు అవ్వ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది — రాత్రిపూట ఎవురు పిలిచినా మూడోసారికి గానీ పలకగూడదు. దెయ్యం రెండుసార్లే పిలుస్తాది. మూడోసారి పిలిచేది మనిషే. తొందరపడి పలికినామా... అంతే సంగతులు.

దెయ్యాలంట అని నవ్విన మొనగాడు టవలు తీసి నోట్లో కుక్కుకున్నాడు.

"జాహ్నవీ... ఉంటే పలుకు."

పలకలా. చెమటతో చాప తడిసిపోయింది. తెలిసిన దేవుళ్లకంతా మొక్కినాడు, తెలియని దేవుళ్లకు గూడా మొక్కినాడు. మూడో పిలుపు కోసం చెవులు రిక్కించినాడు. ఒక్క నిమిషం... ఇంకో నిమిషం...

రాలా.

రాలేదంటే — దెయ్యమే! చెప్పులూ మిషనూ ఆడనే వదిలేసినాడు. సందు చివరిదాకా ఒకటే పరుగు.

తెల్లారి రిజ్వాన్ ముందర కూచోని మళ్లీ మొనగాడైపోయినాడు. "రెండుసార్లు పిలిచింది రా! పెదవి కదిలించింటే ఒట్టు. నేను కాబట్టి తట్టుకున్నా. లేకుంటే మా చెల్లెలు మాకు దక్కేదే కాదు."

అప్పుడే జాహ్నవి ఫోన్ చేసింది. ఏడుస్తాంది.

"అన్నా, నా ఖాతా మూసేసినారు. మళ్లీ తెరవరంట. ఆదివారం నేనేం మొగం పెట్టుకోని పోవల్ల?"

"అదెట్లమ్మా? వర్చువల్ మిషన్‌లో పెట్టింటి కదా..." నోరు జారినాడు తెలివిమంతుడు.

జాహ్నవి ఏడుపు ఆపేసి గొంతు పెంచింది.

"తిండీ నిద్రా లేకుండా ఒకే తీరుగా ఆడుతాంటే వాళ్లకు అనుమానం రాదా? రాత్రి కంపెనీలో తెలుగొచ్చిన ఆమె ఎవురో ఆటలోని మైకులోంచే నా పేరు పెట్టి పిలిచిందంట. పలికితే చాలంట, వదిలేస్తారంట. రెండుసార్లు పిలిచినా ఎవురూ పలకలేదంట!"

రిజ్వాన్ మొగం పక్కకు తిప్పుకున్నాడు.

"వాళ్లడిగింది ఒకటే అన్నా — మిషన్ ముందర మనిషుండాడా, లేడా అని" అంది జాహ్నవి. "ఉండా అని చెప్పేదానికి గూడా నీ చేత కాలేదా?"